ఏడు జతల సాక్ష్యం

"కూర్చో" అన్నాడు డిటెక్టివ్.

"కూర్చోవద్దన్నారు" అంది గుడ్లక్క.

"ఎవరు?"

"ఇంకెవరు, మీ తోడల్లుడు."

నిన్న పగలు పదకొండింటికి ఆమెను తెచ్చి లాకప్ గోడవార నిలబెట్టారు. ఇవాళ పగలు పదీ నలభై. మధ్యలో మూడుసార్లు కూలబడింది. మూడుసార్లూ లేపి నిలబెట్టారు. పాదాలు పులిసిన పిండిలా పొంగి చెప్పుల్లో పట్టక, చెప్పులు పక్కన విడిచి ఉంది. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. కొడితే మచ్చ పడుతుంది, మచ్చ పడితే డాక్టరు రాస్తాడు, డాక్టరు రాస్తే వకీలు చదువుతాడు. నిలబెడితే రాసేవాడెవడు? లాఠీ తిప్పే మోటుమనిషికి ఈ తెలివి రాదు. దీనికి డిగ్రీ కావాలి.

డిటెక్టివ్‌కి డిగ్రీ లేదు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాడు. కానిస్టేబులై పద్దెనిమిదేళ్ళు కేసులు తను ఛేదించి, పతకాలు పైవాళ్ళ చొక్కాలకు తగిలించి, చివరికి ఆ కొలువుకో దణ్ణం పెట్టి సొంతంగా బోర్డు కట్టుకున్నాడు. అతని భార్య చెల్లెల్ని చేసుకున్నవాడు నేరుగా ఇన్‌స్పెక్టరుగా దిగాడు. అత్తవారింట్లో ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెడతారు. కూర ముందు ఎవరి కంచంలో పడుతుందన్నది వేరే చెప్పక్కర్లేదు.

స్టూలు కాలితో ఆమె వైపు తోశాడు. "కూర్చో. అడిగితే నేను చెప్పానను."

ఆమె కూర్చుంది. కూర్చున్న సుఖానికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఏడుపు తర్వాత. నాలుగింటికి నిన్ను మెజిస్ట్రేటు ముందు పెడతారు. అక్కడ 'అవును' అన్నావంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ మాట తుడవలేడు. నీ కూతురు నిన్న నా కాళ్ళు పట్టుకుంది కాబట్టి వచ్చాను. టైములు చెప్పు. వాచీ చూసినట్టు చెప్పు."

గుడ్లక్క ఆ పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ళుగా కోడిగుడ్లు చూసుకునే మనిషి. గుడ్లు వెచ్చగదిలో పెట్టడం, తిప్పడం, పెంకుకి కిటికీ కోసి లోపలి పిండాన్ని అద్దం కింద పెట్టడం ఆమె పని. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఆ పిండాల మీద రాసి పేరు తెచ్చుకున్న ప్రొఫెసర్ సోమవారం అదే వెచ్చగదిలో, తల వెనక ఇనుప స్టూలు దెబ్బతో చచ్చి పడ్డాడు.

"ఆదివారం పొద్దున్న ఆరింటికి గుడ్లు లోపల పెట్టాను" అంది. "సోమవారం సెలవు. అయినా రమ్మన్నారు. నలుగురమే ఉన్నాం. ప్రొఫెసరుగారు, రెండో సైంటిస్టుగారు, నేను, సీసాలు కడిగే నా కూతురు. తొమ్మిదింటికి ప్రొఫెసరుగారు మొదలుపెట్టారు. గంటన్నరకోసారి మూడు గుడ్లు పగలగొట్టి, పిండాలు తీసి మందునీళ్ళ సీసాలో వేసి, లోపల పెన్సిలు చీటీ పడేయడం. ఆ మందునీళ్ళలో పడ్డ క్షణాన పిండం ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. అలా రోజంతా చేస్తానన్నారు."

"ఆయన సొంత చేత్తోనా? అలవాటేనా?"

"పదేళ్ళయింది ఆయన గుడ్డు ముట్టుకుని. పన్నెండింటికి ఇద్దరూ అరుచుకున్నారు. 'నీ బొమ్మలు నేను నమ్మను, అన్నీ నువ్వు కల్పించినవే, నా చేత్తో నేనే చేసి చూస్తా' అన్నారు ప్రొఫెసరుగారు."

"ఎవరెప్పుడు వెళ్ళారు?"

"రెండింటికి నా కూతురు వెళ్ళింది. వేవిళ్ళు, వాంతులు. మూడూ నలభైకి రెండో సైంటిస్టుగారు వెళ్ళారు. నేను ఏడింటికి. గేటు పుస్తకంలో ఉంటాయి."

"ప్రొఫెసర్ బయటికి రాకపోతే ఏమైందో చూడలేదా?"

"తలుపేసుకుని పనిలో ఉంటే తట్టకూడదు. ఒకసారి తట్టానని నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. మంగళవారం తొమ్మిదింటికి నేనే తలుపు తీశాను. ముప్పై ఎనిమిది డిగ్రీల గది. ఒళ్ళు మనలాగే వెచ్చగా ఉంది. నిద్రపోయారనుకుని 'లేవండి సార్' అని భుజం తట్టాను."

అదే డాక్టరుకీ చిక్కు తెచ్చింది. చల్లబడని శవం గంట చెప్పదు. మధ్యాహ్నం రెండుకీ సాయంత్రం ఎనిమిదికీ మధ్య అని రాసి చేతులు కడుక్కున్నాడు. ఇన్‌స్పెక్టర్ సీసాల చీటీలు చూశాడు. ఆఖరి చీటీ మీద సాయంత్రం ఆరు. అంటే ఆరింటిదాకా బతికున్నాడు. ఆరు తర్వాత భవనంలో ఉన్నది గుడ్లక్క ఒక్కతే. కేసు అయిపోయింది, కాఫీ తెమ్మన్నాడు.

"ఆ చీటీలు చూశావా నువ్వు?"

"చూడనిచ్చారా? చీటీ చూడకండి బాబూ, లోపల గింజలు లెక్కపెట్టండి అని మొత్తుకున్నా. 'కోడిపిల్లకి సమన్లు పంపమంటావా?' అని నవ్వాడు మీ తోడల్లుడు."

"గింజలేంటి?"

గుడ్లక్క నేల మీద తడి వేలితో ఒక నిలువు గీత గీసింది. గీతకి అటూ ఇటూ చుక్కలు పెట్టింది, జతలు జతలుగా.

"ఇది పిండం వెన్ను. ఇవి గింజలు. రేపు వెన్నుపూసలయ్యేవి ఇవే. పొదగేసిన ఇరవైనాలుగు గంటలకి మొదటి జత. ఆ తర్వాత గంటన్నరకో జత. గంటకి కాదు, రెండు గంటలకి కాదు."

"కోడిపిండానికి గడియారం ఎవడు కట్టాడు?"

"అదే కట్టుకుంటుంది. విను. ఒక కణం పక్క కణానికి కబురు పెడుతుంది. పక్కదాని గోడకి చెవి ఉంటుంది. చెవిన పడ్డ మాట లోపల చేతులు మారి నడిమింటికి చేరుతుంది. అక్కడుంటాయి జన్యువులు, పనులన్నీ రాసిపెట్టిన పుస్తకం అనుకో. కబురు అందితే ఫలానా పేజీ తెరుచుకుంటుంది. పని మొదలు. తమాషా ఏంటంటే, ఆ పేజీలోనే 'ఇక నన్ను మూసెయ్' అని కూడా రాసుంటుంది. మూతపడుతుంది. ఆ మూసేవాడు నీరసించగానే మళ్ళీ తెరుచుకుంటుంది. తెరవడం, మూయడం, ఒక్క తిరుగుడుకి గంటన్నర. తిరుగుడుకో జత. ఒక గుడ్డు కాస్త ముందో వెనకో ఉండొచ్చు, అందుకే మూడేసి తీస్తారు."

డిటెక్టివ్ నోరు తెరిచి విన్నాడు. బడిలో ఏ మాస్టారూ అతనికి ఇంత తేటగా ఏదీ చెప్పలేదు. చెప్పుంటే ఎనిమిది దాటేవాడేమో.

"చీటీ మనిషి రాస్తాడన్నా" అంది గుడ్లక్క. "గింజ మనిషి చెబితే పుట్టదు."

"నాలుగు లోపల వస్తా" అన్నాడు లేస్తూ.

"రా. నాకు చావాలని లేదు. కూతురికి తొలికాన్పు. నేను తప్ప దానికెవరున్నారు? మొగుడు లారీ మీద ఏ ఊళ్ళో ఉన్నాడో."

పదకొండూ నలభైకి డిటెక్టివ్ వెచ్చగదిలో ఉన్నాడు.

ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. ఇనుప అరలు, అరల నిండా గుడ్ల ట్రేలు. గోడకి వాలిన బల్ల, బల్ల మీద రెండు కళ్ళ సూక్ష్మదర్శిని. శవం పడ్డచోట సుద్దగీత. స్టూలుని పోలీసులు పట్టుకుపోయారు. చీటీల మీది రాతలు ఎక్కించుకుని సీసాలు మాత్రం బల్ల మీదే వదిలేశారు. తలుపు దగ్గర ఒక కాపలా కానిస్టేబులు, చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయి, ఒడ్డున పడ్డ చేపలా ఊపిరి పీలుస్తున్నాడు.

"సీసాలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"నిన్న తొమ్మిదిన్నర నుంచి నేనూ ఇంకో ఆయనా వంతులేసుకుంటున్నాం. ఈగని వాలనివ్వలేదు."

రెండో సైంటిస్టు వెనకే వచ్చాడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ చెడని తెల్లకోటు, గొంతులో వెన్న. "ఏం కావాలన్నా అడగండి సార్. ఆయన నాకు తండ్రిలాంటివారు."

"తండ్రితో పన్నెండింటికి గొడవెందుకు?"

"గొడవ కాదు సార్, చర్చ. నా ఫలితాలు ఆయన స్వయంగా మళ్ళీ చూస్తానన్నారు. సైన్సులో మామూలే."

"కల్పించావన్నారట."

"పెద్దవారు. కోపంలో ఎన్నో అంటారు."

"మూడింటికి ఎక్కడున్నావు?"

"నా గదిలో. మూడూ నలభైకి బయల్దేరాను. నాలుగు నుంచి ఏడు దాకా మీటింగు. నలభై మంది ఉన్నారు సార్, అడగొచ్చు."

"అడుగుతా." డిటెక్టివ్ సీసాల వైపు తిరిగాడు. ఏడు సీసాలు. లోపల పెన్సిలు చీటీలు. తొమ్మిది, 3 జతలు. పదిన్నర, 4. పన్నెండు, 5. ఒకటిన్నర, 6. మూడు, 7. నాలుగున్నర, 8. ఆరు, 9. ముత్యాల్లాంటి అంకెలు, మెట్లు ఎక్కినట్టు ఎక్కుతున్నాయి. "వీటిని అద్దం కింద ఎలా పెట్టాలో చూపించు."

రెండో సైంటిస్టు నవ్వు ఆపుకోలేదు. "ఆ గింజలు, సోమైట్లు లెక్కపెడతారా సార్? మా విద్యార్థులకే ఆరునెలలు పడుతుంది."

"నేను మందబుద్ధిని. సాయంత్రం దాకా పట్టినా పట్టొచ్చు. నాలుగింటికి మాత్రం పనుంది."

మొదటి సీసాకి ఇరవై నిమిషాలు పట్టింది. అద్దంలో మొదట పాలపొర తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత వెన్నుగీత తేలింది. గీతకి అటూ ఇటూ బియ్యపు నూకల్లా గింజలు. అగ్గిపుల్ల మొనతో గాల్లో ఒక్కోటీ తాకుతూ పోయాడు. మూడు. మూడు. మూడు. చీటీ నిజమే చెప్పింది. పదిన్నర సీసా, నాలుగు. పన్నెండుది, అయిదు. ఒకటిన్నరది, ఒక పిండానికి అయిదు, రెండింటికి ఆరేసి. మూడింటిది, ఏడు, ఏడు, ఏడు.

లెక్క కుదురుతున్నకొద్దీ డిటెక్టివ్‌కి ఒంట్లో ఏదో పొంగింది. నలభై ఏళ్ళ కింద పలక మీద కుదరని లెక్క ఇప్పుడు కుదురుతోంది, అదీ తెల్లకోటు కళ్ళముందు. మనసులో లెక్కపెట్టుకోవాల్సినవాడు గొంతు పెంచాడు. నాలుగున్నర సీసా తీశాడు.

"ఒకటి... రెండు... ఏడు. ఎనిమిదోది ఏదయ్యా, దాక్కుందా? ఇంకోటి చూద్దాం. ఏడు. మూడోది కూడా ఏడే. ఆరింటి సీసా ఇటివ్వు. ఏడు! ఏడు! ఏడు!"

సీసాలు అందిస్తున్న రెండో సైంటిస్టు చేతి తొడుగులు బిగించుకున్నాడు.

"ఒక్కో గుడ్డు ఒక్కోలా పెరుగుతుంది సార్" అన్నాడు రెండో సైంటిస్టు. "ఒక జత అటూ ఇటూ అవుతుంది."

"ఒకటి అవుతుంది. ఆరింటివన్నీ రెండేసి జతలు ఎగ్గొట్టాయే! ఆరు పిండాలూ మూడింటి దగ్గరే ఆగిపోదామని కూడబలుక్కున్నాయా?" డిటెక్టివ్ వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూశాడు. "మూడు తర్వాత ఎవడో మిగిలిన ఆరు గుడ్లూ ఒకేసారి పగలగొట్టి రెండు సీసాల్లో పడేసి, రాని గంటల్ని చీటీల మీద రాశాడు. గుడ్డుకి మూడు నిమిషాలు. పద్దెనిమిది నిమిషాల పని. గంటన్నరకోసారి ఆగి తీస్తే లెక్క సరిపోయేది. ఆగడానికి వాడికి టైము లేదు. వాడికి మీటింగుంది."

రెండో సైంటిస్టు మొహం మారలేదు. చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసి, మడిచి, బుట్టలో వేశాడు.

"ఎవరు నేర్పారు సార్ మీకు?"

"మీ గుడ్లక్క. మీకు ఇరవై రెండేళ్ళు నేర్పలేదూ?"

"గొప్ప మనిషి" అన్నాడతను. "ఆమె విలువ మేమెవరం తెలుసుకోలేదు."

డిటెక్టివ్ ఏడు సీసాలకీ లక్క సీలు వేయించి, ఏ సీసాలో ఎన్నెన్ని జతలో కాగితం మీద రాసి కానిస్టేబులు చేత సంతకం పెట్టించాడు. గేటు పుస్తకం చూశాడు. రెండు, మూడూ నలభై, ఏడు. మీటింగు హాలుకి వెళ్ళి హాజరు పట్టీ చూశాడు. నాలుగు నుంచి ఏడు, నలభై మందీ సాక్ష్యం చెప్పారు. ఎంత గట్టి సాక్ష్యం చెబితే అతనికి అంత సంతోషం వేసింది. ఆ తాడు గట్టిదైతేనే కదా ఉరి బిగిసేది.

రెండూ యాభైకి ఇన్‌స్పెక్టర్ గదిలో అడుగుపెట్టాడు.

"రండి అన్నగారూ" అన్నాడు తోడల్లుడు, కుర్చీలోంచి లేవకుండానే. "కోళ్ళఫారం నుంచేనా రావడం? ఎనిమిదో క్లాసులో కోడిపిల్ల పాఠం ఉండేదా?"

"లేదు తమ్ముడూ. నీ డిగ్రీలో కూడా లేనట్టుంది. ఉంటే చీటీలు చదివి సీసాలు వదిలేసేవాడివి కాదు."

"మామగారు మొన్న కూడా అన్నారు, పెద్దల్లుడికి తెలివుంది గానీ తెలివికి తగ్గ కాగితం లేదని."

"చిన్నల్లుడికి కాగితాలున్నాయని కూడా అనుంటాడు. అంతటితో ఆపుంటాడు." కాగితం బల్ల మీద పెట్టాడు. పావుగంట పట్టింది అంతా చెప్పడానికి. గింజలు, గంటన్నర, ఆరు పిండాలు, ఏడు జతలు. "ప్రొఫెసర్ చచ్చింది మూడు తర్వాత, మూడూ నలభై లోపల. ఆరింటిదాకా బతికున్నట్టు చీటీలు పుట్టిస్తే ఎవడికి లాభం? నాలుగు నుంచి నలభై మంది మధ్య కూర్చున్నవాడికి. గుడ్లక్కకి ఏం లాభం? ఆరు తర్వాత అక్కడున్నది తనొక్కతే. ఉరితాడు తన మెడ కొలతకి తనే పేనుకునే మనిషి ఎవరైనా ఉంటారా?"

ఇన్‌స్పెక్టర్ కాగితం రెండుసార్లు చదివాడు. నవ్వలేదు. డిటెక్టివ్ ఆ నవ్వకపోవడాన్ని చూసి లోపల్లోపల పొంగిపోయాడు.

"ఒక్కటి చెప్పండి. ఆ ఆరు గుడ్లు పద్దెనిమిది నిమిషాల్లో తీయాలంటే చెయ్యి ఎంత తిరిగుండాలి?"

"బాగా."

"గుడ్లక్కకి తిరిగిందా?"

"తిరిగిందా అంటావేంటయ్యా! ఆ భవనంలో ఆమె కంటే వేగంగా గుడ్డు తీసేవాళ్ళూ లేరు, ఆమె కంటే బాగా గింజ లెక్కపెట్టేవాళ్ళూ లేరు. ప్రొఫెసర్ పేరున అచ్చయిన లెక్కలన్నీ ఆమె పెట్టినవే."

"అదే రాసిస్తారా?"

"రాసిస్తా, నాకేం భయం?" రాశాడు. సంతకం కూడా పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని, ఫైల్లోంచే ఇంకో కాగితం తీశాడు. "రెండుంపావుకి గుడ్లక్క నేరం ఒప్పుకుంది అన్నగారూ. మూడుంపావుకి చంపానంది. చీటీలు కూడా తనే రాశానంది. నాకొక్కటే అనుమానం మిగిలింది. అయిదో తరగతి చదవని ఆడమనిషి ఇంత పని చెయ్యగలదని కోర్టులో ఎవరు నమ్ముతారని. దేవుడిలా వచ్చి ఆ లోటు తీర్చారు."

"చీటీల మీద ఆరెందుకు రాస్తుంది? తను ఏడింటిదాకా అక్కడే..."

"అదీ చెప్పింది. మూడున్నరకే ఇంటికి పోదామనుకుందట. పోతే ఆరింటికి తను లేనట్టే కదా. కూతురు వాంతులని రెండింటికే పోయింది, కడగాల్సిన సీసాలన్నీ ఈమె నెత్తిన పడ్డాయి. వేసుకున్న పథకం కూతురి వేవిళ్ళ దగ్గర తిరగబడింది. ఎందుకు చంపావంటే ఏమందో వింటారా?" కాగితం దగ్గరికి తీసుకుని చదివాడు. "'ఇరవై రెండేళ్ళు నేను పెట్టిన లెక్కలు ఆయన పేరున అచ్చయ్యాయి. ఒక్కదాని మీదా నా పేరు లేదు.' మెజిస్ట్రేటు కళ్ళు తుడుచుకుంటాడు చూడండి."

"ఆమెని చూడ్డానికి ఎవరైనా వచ్చారా?"

"రెండో సైంటిస్టు వచ్చాడు, ఒంటిగంటన్నరకి. పాపం, అన్నం పట్టుకొచ్చాడు."

డిటెక్టివ్ లాకప్ దాకా నడిచాడు.

గుడ్లక్క ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఉంది. పాదాల కింద పీట వేశారు. పక్కన నాలుగు గిన్నెల క్యారియర్, మూత తీయకుండా ఉంది.

"ఏం చెప్పాడు నీకు?"

"ఏం చెప్పలేదు. నువ్వు తన ముందే సీసాలు లెక్కపెట్టావన్నాడు. అమ్మాయికి ఎన్నో వారం అని అడిగాడు. ఆరో వారం అన్నాను. బాగా చూసుకుంటాను, నా ఇంట్లోనే పెట్టుకున్నాను, మందులూ నేనే ఇస్తాను అన్నాడు. అంతే." ఆమె గొంతులో పొద్దుటి పదును లేదు. "పొద్దున కబురు గురించి చెప్పాను కదా, చెవిన పడితే పేజీ తెరుచుకుంటుందని. చెవి మూసేసే మందొకటుంది అన్నా. కబురు వస్తుంది, వాకిట్లోనే చచ్చిపోతుంది. పేజీ తెరుచుకోదు. మొదట్లో మొహమంతా ఒకటే ముద్ద. నువ్వు రెండుగా విడిపో అని నడుమ నుంచి కబురు రావాలి. వస్తే రెండు కళ్ళు. రాకపోతే నుదుటి కింద ఒకటే గుంట, అందులో ఒకటే కన్ను. ముక్కు ఉండదు. ఈ చేతుల్తో వందలు తీశాను అలాంటి కోడిపిల్లల్ని. తీసి, లెక్కపెట్టి, సీసాలో వేశాను."

"మనుషుల్లో..."

"మనుషుల్లో కూడా అదే కబురు, అదే చెవి. ఆరో వారం దాటితే ఆ మందు మొహాన్ని ఏం చెయ్యలేదు. ఇప్పుడు చెయ్యగలదు. ఆ సీసా తాళం ఆయన దగ్గరే ఉంటుంది."

"నేను ఇప్పుడే వెళ్ళి అమ్మాయిని తీసుకొస్తా. నువ్వు మాట మార్చు."

"నువ్వెందుకన్నా ఆయన ముందు లెక్కపెట్టావు?" అంది గుడ్లక్క.

అరవలేదు. తిట్టినా బావుండేది. డిటెక్టివ్ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ ప్రశ్నకి జవాబు అతనికి తెలుసు. తెల్లకోటు ముందు తనకీ లెక్క వచ్చని చూపించుకోవాలనిపించింది. అంతకంటే ఏం లేదు. ఆ ముచ్చటకి మూల్యం ఇదిగో, ఎదురుగా కుర్చీలో ఉంది.

"నోటికి తాళం వేసుకో" అంది ఆమె. "నేను లోపలికి పోతే ఆయనకి దానితో పని లేదు. వదిలేస్తాడు. అదే ఒప్పందం. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు."

మూడున్నరకి వ్యాను వచ్చింది. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు గుడ్లక్కని ఎక్కించి అటూ ఇటూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ ముందు సీటు ఎక్కబోతుండగా ఒక తెల్లకారు ఆవరణలోకి వచ్చి ఆగింది. రెండో సైంటిస్టు దిగి, అవతల పక్కకి నడిచి, ఎంతో మర్యాదగా తలుపు తీశాడు.

కూతురు దిగింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం, చేతిలో నీళ్ళ సీసా. వ్యాను కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా! ఏం భయపడకే. సార్ మంచి వకీల్ని పెడతానన్నారు. నన్ను సొంత చెల్లెలిలా చూస్తున్నారు. వాంతులు తగ్గడానికి మందు కూడా ఆయనే ఇస్తున్నారు. పూటకొకటి."

గుడ్లక్క కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయట పెట్టి కూతురి గడ్డం పట్టుకుంది. "ఎప్పట్నుంచి ఇస్తున్నాడే?"

"నిన్న పొద్దున్న నిన్ను పట్టుకుపోతుంటే కళ్ళు తిరిగి పడ్డాను కదా. అప్పట్నుంచి. నాలుగు వేసుకున్నా."

నిన్న పొద్దున్న. ఇవాళ ఒంటిగంటన్నరకి అతను అన్నం క్యారియర్ పట్టుకుని లాకప్‌కి వచ్చేసరికే మూడు వేయించి వచ్చాడన్నమాట. ఒప్పందానికి ముందే.

వ్యాన్లోంచి వచ్చిన అరుపుకి ఆవరణలో ఉన్న ప్రతి మనిషీ వెనక్కి తిరిగాడు. "చింపెయ్యండి! నేను చెప్పింది చింపెయ్యండి! వాడే చంపాడు!" అని గుడ్లక్క ఊచలకేసి తల బాదుకుంటోంది. ఆడ కానిస్టేబుళ్ళు జబ్బలు పట్టి వెనక్కి లాగారు.

"సంతకం అయ్యాక అందరూ ఇదే పాట" అన్నాడు ఇన్‌స్పెక్టర్. డ్రైవరు భుజం తట్టాడు. వ్యాను కదిలింది.

గుడ్లక్క కూతురి చేతిలో సీసా డిటెక్టివ్ లాక్కున్నాడు. ఇంకో చేత్తో ఆ పిల్ల మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. "మందు చీటీ ఏది? మాత్రలేవి? ఒక్కటైనా మిగిలిందా?"

"సార్ చేత్తోనే ఇస్తారు" అంది ఆమె, బిత్తరపోయి. "ఎందుకు? ఏమైంది?"

రెండో సైంటిస్టు దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. వెన్నలాంటి గొంతు డిటెక్టివ్ ఒక్కడికే వినపడేంత తగ్గించాడు.

"నాలుగింట్లో ఎన్ని ఉత్త పిండి మాత్రలో, ఎన్ని కావో నాకొక్కడికే తెలుసు సార్. అన్నీ పిండే కావచ్చు. ఏ డాక్టరూ ఇప్పుడే చెప్పలేడు. నేను బయట ఉంటే ఏదో ఒకరోజు నాకు జాలేసి చెప్పొచ్చు. జైల్లో ఉంటే నాకు మతిమరుపు ఎక్కువ." కోటు గుండీ సరిచేసుకున్నాడు. "లేదంటారా, మీకు లెక్కపెట్టడం వచ్చుగా. పెట్టండి. ఇంకా ఏడున్నర నెలలుంది."